చెట్టుది చెట్టుకే

ఏప్రిల్ 11

చిత్తడిలో మంచు కరిగింది. పొద్దున్న బూట్లు వేసుకుని వెనక దాకా వెళ్ళాను. చివరి వరసలో నాలుగు యాష్ చెట్లకు బెరడు పైపొర లేచిపోయి కింద లేత రంగు కనిపిస్తోంది. వడ్రంగి పిట్టల పని. పిట్ట ఊరికే గీకదు. లోపల తినడానికి ఏదో ఉండాలి.

ఏమీ అయివుండదు.

ఏప్రిల్ 12

ఏమీ అయివుండదు.

ఏప్రిల్ 20

నోరీన్ వచ్చింది. మా పాసమకోడి ఆదివాసీ తెగ అడవుల ఆఫీసులో ఇప్పుడు ఆమే పెద్ద. ఒకప్పుడు నా క్లాసులో కప్పను కోయనని మొండికేసి వరండాలో కూర్చున్న పిల్ల.

రెండు పిడుల కత్తితో బెరడు చెక్కింది. కింద తెల్లటి చెక్క మీద వంకర టింకర దారులు, ఇసుకలో పాము పోయినట్టు. ఒక దారి చివర పాలరంగు పురుగు ముడుచుకుని ఉంది.

"మాస్టారూ, మీరు కాస్త కూర్చోండి."

"నిలబడే వింటాను. చెప్పు."

"అదేనండీ. పచ్చ పెంకుపురుగు."

"ఎన్ని చెట్లకు?"

"ఇవాళ చూసినవాటిలో సగానికి. మిగతా సగానికి రేపో మాపో." కత్తి ప్యాంటుకు తుడుచుకుంది. "నాకు అర్థం కానిది ఒకటే. ఇది ఉత్తరాన సరిహద్దు వైపు ఉంది, దక్షిణాన ఉంది. మన దగ్గర ఎక్కడా లేదు. అక్కణ్ణుంచి ఇక్కడికి ఎగిరొచ్చే దూరం కాదు. ఎవరో మోసుకొచ్చారు."

ఎవరో.

ఏప్రిల్ 21

బడిలో ఉన్నన్నాళ్ళూ ఈ పాఠం చెప్పాను. జీవులు ఎందుకు అంతరించిపోతాయి? బోర్డు మీద వరసగా రాసేవాణ్ణి. ఉండే చోటు పోవడం. అతిగా నరకడం. వాతావరణం మారడం. పైనుంచి వచ్చిన తెగుళ్ళు. నాలుగూ రాసినవాడికి పూర్తి మార్కులు.

ఎంత శుభ్రంగా ఉండేది ఆ బోర్డు! ఒక్క మనిషి పేరు లేదు దాని మీద. చిత్తడి ఎండగట్టి బంగాళాదుంపలు వేసినవాడి పేరు లేదు. పురుగు పట్టిన చెక్కతో పెట్టెలు కొట్టి, సరుకు నింపి, సముద్రం దాటించినవాడి పేరు లేదు. "బ్రౌన్ యాష్‌కు మార్కెట్టు లేదు, ఉంటే ఎంత పోతే ఎంత" అన్న కలప వ్యాపారి పేరు లేదు. ఒకప్పుడు మా చలికి ఈ పురుగు చెట్టులోనే గడ్డకట్టి చచ్చేది. ఇప్పుడు జనవరిలో వాన పడుతోంది. దానికీ ఎవరి పేరూ లేదు.

నాకు ఒక పేరు కావాలి.

ఏప్రిల్ 27

ఫిబ్రవరిలో నా భార్య దెల్ఫీన్‌ను కొండ మీద మట్టిలో పెట్టాం. నేల గడ్డకట్టి ఉంటే తవ్వడానికి యంత్రం తెప్పించారు. దాని చప్పుడులో ఫాదర్ చదివింది ఎవరికీ వినిపించలేదు. దాని గురించి ఇంకేమీ రాయను.

చెట్ల గురించి రాస్తాను. ఇవి ఆమెవి. అంతకుముందు వాళ్ళమ్మవి. బ్రౌన్ యాష్ దుంగను గొడ్డలి వెనక మొద్దు వైపుతో పొడవునా కొట్టుకుంటూ పోతే ఒక్కో ఏడాది పొర ఒక్కో బద్దగా ఊడి వస్తుంది. ఆ బద్దలతో బుట్ట అల్లుతారు. ఇంకే చెట్టూ అలా ఊడి రాదు. మేపుల్‌ను కొట్టినా, బిర్చిని కొట్టినా భుజం నొప్పి తప్ప ఏమీ మిగలదు. వానలు బాగా పడ్డ ఏడు బద్ద మందంగా వస్తుంది, కరువు ఏడు కాగితంలా.

"ఇది నువ్వు మా ఇంటికి మొదటిసారి వచ్చిన ఏడు. చూడు ఎంత బక్కగా ఉందో" అనేది దెల్ఫీన్, అల్లుతూ.

మా తెగవాళ్ళమంతా ఈ చెట్టు చీలికలోంచే బయటికొచ్చామని ముసలివాళ్ళు చెప్తారు. నేను సైన్సు మాస్టర్ని. క్లాసులో చెప్పలేదు.

మే 5

సరస్సు దగ్గర టెంట్లు వేసుకునేవాళ్ళకు కట్టెలు అమ్మే అల్విన్ టిబెట్స్ దగ్గరికి వెళ్ళాను. కట్టెల్లోనే ఈ పురుగు ఊళ్ళు తిరుగుతుంది. రాత్రంతా వాడి పేరే తలచుకున్నాను.

"నీ కట్టెలు ఎక్కడివి?"

"ముందు బాగున్నావా అనైనా అడగండి మాస్టారూ."

"ఎక్కడివని అడిగాను."

"నా పెరట్లోవి. బిర్చి, మేపుల్. ఒక్క యాష్ ముక్క కనిపిస్తే ఈ గడ్డం గీయించుకుంటా. మా ఆవిడ కూడా సంతోషిస్తుంది."

పేర్చిన కట్టెలన్నీ లాగి చూశాను. ఒక్క ముక్క లేదు. అల్విన్ బకెట్ తిరగేసి దాని మీద కూర్చుని సిగరెట్ పూర్తిగా కాల్చాడు.

"అయిందా? అయితే మళ్ళీ పేర్చండి."

పేర్చాను. సగంలో వాడూ లేచి చెయ్యి వేశాడు.

"యాష్ దుంగ గురించైతే మీ బేసిల్‌ను అడగాలి గానీ నా గడ్డం మీద పడతారేంటి? ఆ చలికాలం ఉత్తరం రోడ్డు మీద వాడి ట్రక్కు వెనకే వచ్చాను. పైన టార్పాలిన్ కప్పాడు గానీ కొస బయటికే ఉంది."

"ఏ చలికాలం?"

అల్విన్ కట్టె కింద పెట్టాడు. "దెల్ఫీన్ గారికి ఆపరేషన్ అయిన చలికాలం."

మే 6

బేసిల్ దెల్ఫీన్ తమ్ముడు. ఆ దుంగ తన కొట్టం వెనక అడవిలోదని అప్పట్లో నాతో చెప్పాడు. బేసిల్ అబద్ధం ఆడడు. ఆడితే చెవులు ఎర్రబడతాయి, చిన్నప్పటి నుంచీ అంతేనని దెల్ఫీన్ ఏడిపించేది.

అల్విన్‌కు కళ్ళు కనపడవు.

మే 19

నోరీన్ చిత్తడంతా తిరిగి చెట్టు చెట్టుకూ బెరడు తీసి చూసింది. పురుగు దారులు ఎంత పాతవో చూస్తే అది మొదట ఎక్కడ దిగిందో తెలుస్తుందట. వెనక్కి, వెనక్కి వచ్చి, ఒడ్డునే ఉన్న పెద్ద చెట్టు దగ్గర ఆగింది. దెల్ఫీన్ వాళ్ళమ్మ ఆ చెట్టుకు ఆనుకునే కూర్చునేది. ఇప్పుడు దానికి పై కొమ్మల్లో ఆకు రాలేదు.

చెట్టు మొదట్లో కుప్ప ఉంది. నోరీన్ అందులోంచి పాత బెరడు చెక్క ఒకటి తీసి తిప్పింది. చిన్న చిన్న చిల్లులు. ఒక వైపు చదును, ఒక వైపు గుండ్రం. పెంకుపురుగు బయటికి వచ్చిన గుమ్మాలు.

"ఈ కుప్ప ఏంటండీ?"

"బుట్టల పని చెత్త. మా అత్తగారి నియమం. ఈ చెట్టు బెరడు గానీ, చెక్కిన పొట్టు గానీ పొయ్యిలో పెట్టకూడదు. తెచ్చి చెట్ల మొదట్లోనే పోయాలి. చెట్టుది చెట్టుకే అనేది."

నోరీన్ ఒక చిల్లులో గోరు పెట్టి చూసింది. తర్వాత "ఇది ఇక్కడి చెట్టు బెరడు కాదు మాస్టారూ" అంది. "ఇక్కడి చెట్టుదైతే ఇంత పాత చిల్లులుండవు. ఎక్కణ్ణుంచో వచ్చిన దుంగది. పురుగు చలికాలమంతా ఇందులోనే పడుకుని, వేసవి రాగానే లేచి, తలెత్తి చూసుంటుంది. ఎదురుగా ఇన్ని చెట్లు. విస్తరి వేసి పిలిచినట్టు."

మే 20

బేసిల్ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో ట్రక్కు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళతోనే మాట్లాడాను.

"ఆ దుంగ ఎక్కడిది?"

కాళ్ళు కదలలేదు.

"ఏ దుంగ, బావా?"

"తెలుసు నీకు."

బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. మొహమంతా గ్రీసు.

"ఉత్తరాన, సరిహద్దు దగ్గరిది. మా స్నేహితుడి చోటు. మన చిత్తడిలో చెట్టు కొట్టడానికి అక్క ఒప్పుకోలేదు. అప్పటికే తక్కువైపోయాయి, నాలుగేళ్ళు ముట్టుకోవద్దంది. అల్లకుండా ఉండనూ లేదు. ఆపరేషనై వచ్చి గోడకేసి చూస్తూ కూర్చునేది, గుర్తుందా? 'ఒక మంచి దుంగ తెచ్చిపెట్టరా, చేతులు ఊరికే ఉంటే పిచ్చెక్కుతోంది' అంది. తెచ్చాను. అక్కణ్ణుంచి యాష్ కదల్చకూడదని బోర్డు పెట్టారు. చూశాను. చూసే తెచ్చాను."

ఇదంతా నా కళ్ళలోకి చూసే చెప్పాడు.

"బెరడు ఎవరు పోశారు అక్కడ?"

బేసిల్ రెంచి చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు.

"నేనే."

చెవులు ఎర్రగా ఉన్నాయి. సిగ్గుకి అనుకున్నాను.

అప్పుడు నేను అన్నవి ఇక్కడ రాయను. చివరిది మాత్రం రాస్తాను. మా గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నాను. వాడు తల ఊపాడు. ఎదురు మాట్లాడి ఉంటే బాగుండేది.

మే 21

నాకు పేరు దొరికింది.

మే 22

ఆ చలికాలం సాయంత్రాలు దెల్ఫీన్ చిత్తడి దాకా నడిచేది. డాక్టరు నడవమన్నాడు. వంటింటి కిటికీలోంచి కనిపించేది. ఖాళీ చేతులతో మెల్లగా నడిచి వచ్చేది. అంతే.

జూన్ 24

ఇవాళ దాన్ని చూశాను. ఆకు మీద కూర్చుని ఉంది. వేలి గోరంత కూడా లేదు. ఎండలో మెరుస్తోంది, ఏ కంసాలీ చెయ్యలేనంత పచ్చగా. దానికి పగ లేదు, దురాశ లేదు. ఆకు తింటుంది, గుడ్లు పెడుతుంది. అది పుట్టిన చోట చెట్లకు దాన్ని తట్టుకోవడం తెలుసు. దాన్ని తినే పురుగులూ అక్కడ ఉన్నాయి. అక్కడ అది ఒక పురుగు, అంతే. ఇక్కడ అది చావు. మధ్యలో చేసిందంతా మోసుకొచ్చినవాళ్ళే.

అర్థం చేసుకున్నాను. తర్వాత బొటనవేలితో నలిపాను.

జూలై 13

బార్ హార్బర్ బుట్టల సంతలో దెల్ఫీన్ పేరు మీద బల్ల కేటాయించి ఉంది. మిగిలినవి తీసుకెళ్ళాను. తెల్ల టోపీ పెట్టుకున్న ఒకావిడ స్ట్రాబెరీ ఆకారపు చిన్న బుట్ట తీసుకుని మూత తిప్పి చూసింది.

"ఇవి ఇక దొరకవంట కదా?"

"చెట్లు చస్తున్నాయి."

"అయ్యో పాపం." నిజంగానే బాధపడింది. తర్వాత పక్కనున్న మొగుడితో, "చెప్పానా? ఇప్పుడే కొనిపెట్టుకోవాలి. చెట్టు పోయాక వీటి విలువ ఎక్కడికో పోతుంది" అంది.

బుట్ట ఆమె చేతిలోంచి తీసుకున్నాను.

"అదేంటండీ?"

"అమ్మడం లేదు."

"మరి బల్ల ఎందుకు పెట్టారు?"

సామాను సర్దుకుని వచ్చేశాను. దారంతా ఆమెకు సమాధానం చెప్తూ బండి నడిపాను. అమ్మా, అద్దాల బీరువాలో పెట్టిన బుట్ట ఇంకో బుట్టను కనదు. ఈ చెట్టు పోతే, అది తాగే నీళ్ళు తాగేవాళ్ళు లేక చిత్తడి చెరువవుతుంది. ఆ నీళ్ళలో ఇంకో చెట్టు లేవదు. దీని ఆకు తప్ప ఇంకేదీ నోట పెట్టని చిమ్మటలున్నాయి, అవీ పోతాయి. దుంగను ఎక్కడ కొట్టాలో చేతికి తెలిసినవాళ్ళు పోతారు. ఆ పని చేసేటప్పుడు మాత్రమే నోటికొచ్చే మా భాష మాటలు కొన్ని ఉన్నాయి, వాటిని అనే సందర్భం ఉండదు. ఒక చెట్టు పోదమ్మా. దానికి కట్టుకున్నవన్నీ లాక్కుని పోతుంది.

ఇంత మంచి ఉపన్యాసం వినడానికి ట్రక్కులో ఎవరూ లేరు.

జూలై 21

నోరీన్ ఇంకో సంగతి తెచ్చింది. చీమ కన్నా చిన్న కందిరీగలను వదులుతారట. అవి పెంకుపురుగు పిల్లల్లో గుడ్లు పెట్టి చంపుతాయి.

"ఒక పురుగును తెచ్చి ముంచారు. ఇప్పుడు దాని వెనక ఇంకో పురుగునా?"

"పదేళ్ళు పరీక్ష చేశాకే వదులుతున్నారు మాస్టారూ. ఇంకేమీ ముట్టుకోవు."

"ముట్టుకుంటే?"

"ముట్టుకుంటే అప్పుడు నన్ను వరండాలో కూర్చోబెట్టండి."

వదలమన్నాను. గట్టిగా ఉన్న కొన్ని చెట్లకు మొదట్లో మందు ఎక్కించడానికీ ఒప్పుకున్నాను. అన్నిటికీ ఎక్కించడం కుదరదు. ఏ చెట్టుకు ఇవ్వాలో, ఏ చెట్టును వదిలెయ్యాలో రంగు రిబ్బన్లు కట్టుకుంటూ నడిచాం. పెద్ద చెట్టుకు కట్టలేదు. దానికి ఆలస్యమైపోయింది.

ఆగస్టు 22

మూడు చెట్లు కాశాయి.

నోరీన్ దుర్భిణి నా చేతిలో పెట్టి చూడమంది. కొమ్మల చివర రెక్కల గింజలు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఈ చెట్లు అన్నీ కాయవు, ప్రతి ఏడూ కాయవు. మళ్ళీ కాసేదాకా ఇవి బతికి ఉంటాయన్న నమ్మకం లేదు.

"వీటిలో ఒకదానికి ఒక్క పురుగు దారి కూడా లేదు" అంది. "చుట్టూ చెట్లు చస్తుంటే ఇది మాత్రం నిక్షేపంగా ఉంది. అదృష్టమో, దాని రక్తంలోనే ఏమైనా ఉందో తెలీదు. ఉంటే ఆ గింజ బంగారం. సగం గింజల బ్యాంకుకు పంపుదాం, సగం ఇక్కడే చల్లుదాం. ఈ గింజలు దక్కితే ఈ చిత్తడి మళ్ళీ లేస్తుంది. దక్కకపోతే దీని కథ మీతో, నాతో సరి."

"ఎలా కొయ్యాలి?"

"అదే చిక్కు. నరికితే కాయ దొరుకుతుంది గానీ చెట్టు పోతుంది. బురదలోకి నిచ్చెన బండి రాదు. మా ఆఫీసులో ఎక్కే కుర్రాడు భుజం విరగ్గొట్టుకున్నాడు. రాష్ట్రం వాళ్ళు అక్టోబరు అంటున్నారు. అప్పటికి గాలికి రాలిపోతాయి." నా వైపు చూడకుండా అంది. "తాడు మీద ఎక్కడం తెలిసినవాళ్ళు ఊళ్ళో ఒకరున్నారు."

బేసిల్. కరెంటు కంపెనీలో తీగల మీద పడే కొమ్మలు కొట్టే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు.

"ఇంకెవరినైనా చూడు" అన్నాను.

సెప్టెంబరు 7

నేనే ప్రయత్నించాను. పొడుగు కర్రకు కొక్కెం కట్టి, నిచ్చెన వేసుకుని. నిచ్చెన బురదలో దిగిపోయింది. నేను నడుము దాకా దిగాను. లేవడానికి పట్టుకున్న కొమ్మ విరిగింది. కాయ ఒక్కటి రాలేదు.

నా వయసు అరవై ఎనిమిది. బూటు ఒకటి అక్కడే ఉంది.

సెప్టెంబరు 14

దక్షిణం నుంచి తుఫాను వస్తోంది. ఎల్లుండి రాత్రికి మా మీద ఉంటుందని రేడియో. గింజలు ఎండి గోధుమరంగుకు తిరిగాయి. ఒక్క గాలికి చాలు.

నోరీన్ వచ్చి వంటింట్లో నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"బేసిల్ మామయ్యను పిలిచారా?"

"లేదు."

"ఎందుకు?"

"వాడు నా చెట్లను చంపాడు."

"సరే, చంపాడు. మరి మీరు?" కుర్చీ పక్కకు తోసింది. "మీకు కోపం ఉండొచ్చు మాస్టారూ. కాదనను. మీ కోపం కాయలు కాస్తుందా చెప్పండి, సంచులు తెచ్చి పడతాను. ఎల్లుండి తర్వాత అంతరించిపోవడానికి బోర్డు మీద ఐదో కారణం రాసుకోండి. ఇద్దరు ముసలాళ్ళు మాట్లాడుకోలేదని."

తలుపు గట్టిగా వేసి వెళ్ళింది. నా క్లాసులో ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

డాక్టరు నడవమన్నాడు. దెల్ఫీన్ ఖాళీ చేతులతో నడిచేది.

ఖాళీ చేతులతో కాదు. ఒంటి చక్రం బండి తోసుకుంటూ నడిచేది. రెండు అడుగులకు ఒకసారి ఆగేది. నేను వెళ్ళి తోస్తానంటే వద్దని చెయ్యి ఊపేది. బండి నిండా బెరడు.

సెప్టెంబరు 15

బేసిల్ వాకిట్లో తాళ్ళు ఆరేసి ఉన్నాయి. కడిగి, కొక్కేలకు నూనె రాసి. వాడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"పని ఉంది" అన్నాను.

"గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నావు."

"గడప అవసరం లేదు. పక్క నుంచి చిత్తడిలోకి దారి ఉంది."

చేతికందిన తాడు కొస లాగి చూశాడు. "ముళ్ళ బూట్లు వేసుకోను. చెట్టుకు గాయం అవుతుంది. తాడు మీదే ఎక్కుతాను. ఆలస్యమవుతుంది."

"తెలుసు."

"నువ్వు కింద ఉండాలి. తాడు పట్టుకోవాలి. నా మీద కోపంతో వదిలేస్తే?"

"గింజలు కోసేదాకా వదలను."

"అదీ నిజమే" అని లేచాడు.

సెప్టెంబరు 16

తెల్లవారగానే మొదలుపెట్టాం. నోరీన్ అవతలి రెండు చెట్ల కింద దుప్పట్లు పరుస్తోంది. నేను పురుగు పట్టని చెట్టు కింద తాడు పట్టుకుని ఉన్నాను. ఎక్కేముందు బేసిల్ చెట్టు మొదట్లో చిటికెడు పొగాకు పెట్టి "వొలివన్" అన్నాడు. మా భాషలో కృతజ్ఞత. తర్వాత పిల్లిలా పైకి వెళ్ళిపోయాడు. గుత్తులు టార్పాలిన్ మీద పడుతున్న చప్పుడు, చినుకుల్లా.

పైకి చూడకుండా అన్నాను.

"ఆ బెరడు నువ్వు పొయ్యలేదు."

చప్పుడు ఆగింది.

"ఎవరు చెప్పారు?"

"వంటింటి కిటికీ."

"అయితే ఇన్ని నెలలు నన్నెందుకురా బాబూ తిట్టావు?" జీవితంలో మొదటిసారి నన్ను రా అన్నాడు.

"నువ్వు ఎదురుగా ఉన్నావు."

ఒక గుత్తి పడింది. నా నెత్తి మీదే వేశాడనుకుంటాను.

"నీకు చెప్పకూడదనుకున్నాను బావా. మట్టి కూడా ఆరలేదు. నీకు అక్క మీద కోపం రావడం నాకిష్టం లేదు. నా మీద వస్తే ఏం పోయింది, నాకు అలవాటే."

"ఆమెకు తెలుసా? పురుగు సంగతి?"

"తెలుసు. దుంగ దించిన రోజే చెప్పాను. అక్కా, ఈ బెరడు ముక్క మిగలకుండా తగలబెట్టు, ఇది ఉత్తరాదిది అని. నవ్వింది. 'ఇన్నేళ్ళు ఆ చెట్లు నాకు అన్నం పెట్టాయి, ఇప్పుడు ఒక పురుగుకు భయపడి అమ్మ మాటకు నిప్పు పెట్టనా?' అంది. 'చెట్టుది చెట్టుకేరా, నేనెట్లాగూ వాటి దగ్గరికే పోతున్నా' అంది. నేనేమనాలి? ఏమనాలో చెప్పు?"

తాడు నా చేతుల్లో ఉంది. వదల్లేదు. గట్టిగా పట్టుకున్నాను, అరచేతులు కాలేంత గట్టిగా.

ఫిబ్రవరి నుంచి ఆ పేరు పైకి అనలేదు. అన్నాను. అరిచాను.

"దెల్ఫీన్!"

నీళ్ళ మీద బాతులు లేచిపోయాయి.

"బుద్ధి ఉందా నీకు? మీ అమ్మ మాట! మీ అమ్మ ఉంటే తనే తగలబెట్టేది! చెట్టు బతకడం కోసం పెట్టిన మాట అది, చెట్టును చంపి నిలబెట్టడానికి కాదు! అడిగితే చెప్పనా? పక్కనే ఉన్నానుగా! ఒక్క మాట అడిగితే చెప్పనా?"

"మొండిది!" పైనుంచి బేసిల్ అరిచాడు. "చిన్నప్పటి నుంచీ మొండిది! నా సైకిల్ సరస్సులో తోసి, తొయ్యలేదని చచ్చేదాకా వాదించింది!"

"ముప్పై తొమ్మిదేళ్ళు!" అని నేను అరిచాను.

నోరీన్ దుప్పటి పట్టుకుని చెట్ల మధ్య అలాగే నిలబడిపోయింది. తర్వాత తల వంచుకుని మళ్ళీ పరవడం మొదలుపెట్టింది.

బేసిల్ ఏడుస్తున్నాడని గుత్తులు పడే తీరులో తెలిసింది. ఒక్కోసారి రెండు మూడు, ఒక్కోసారి ఏమీ లేదు. నేను తాడు పట్టుకునే ఉన్నాను.

మూడు చెట్లూ అయ్యేసరికి గాలి లేచింది.

సెప్టెంబరు 18

తుఫాను వచ్చింది, పోయింది. పెద్ద చెట్టు నడిమికి విరిగి కుప్ప మీదే పడింది. కుప్పను తగలబెడదామని పెట్రోలు డబ్బా తీసుకెళ్ళాను. అనవసరమని నోరీన్ అంది. పురుగు అందులోంచి ఎప్పుడో వెళ్ళిపోయింది. ఇప్పుడది ఉత్త బెరడు. డబ్బా వెనక్కి తెచ్చేశాను. కోపం మాత్రం అక్కడ వదిలి రాలేదు.

దెల్ఫీన్ మీద కోపంగా ఉంది. ఆ సంగతి రాయడానికి ఇంతకాలం పట్టింది. రాశాక కూడా నా మనసులో ఆమె ఆమెలాగే ఉంది.

సెప్టెంబరు 20

వంటింటి బల్ల నిండా గింజలు. బేసిల్ గడప తొక్కాడు. ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు. పుచ్చినవి తీసేసి, మంచివి కాగితం సంచుల్లో పోసి, ఏ చెట్టువో పైన రాస్తున్నాం. పురుగు పట్టని చెట్టువి విడిగా. వాడు తన కాఫీ ఫ్లాస్కులో తెచ్చుకున్నాడు. నా కాఫీ దుప్పులు కూడా తాగవట.

"ఇవి ఎప్పుడు మొలుస్తాయి?"

"మొండి గింజలు. రెండు చలికాలాలు నేలలో పడుకుంటే గానీ లేవవు. ఒక్కోసారి మూడు."

"బద్ద తియ్యడానికి పనికొచ్చే చెట్టయ్యేది?"

"యాభై, అరవై ఏళ్ళు."

బేసిల్ ఒక గింజ వెలుతురుకేసి పట్టుకుని చూశాడు.

"బద్దల మాట దేవుడెరుగు. మొలిచేదాకా అయినా మనం ఉంటామా బావా?"

"ఉండాలి" అన్నాను. "నిన్ను తిట్టాల్సింది ఇంకా చాలా ఉంది."